పన్నెండు పదాలూ సరిగ్గానే ఉన్నాయి, మరి బ్యాలెన్స్ ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మాది హనుమకొండ. పెళ్లి వీడియోలు, ప్రమోషన్ వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు పనికొచ్చే టెంప్లేట్లు తయారుచేసి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతుంటాను. కొనేవాళ్లలో ఎక్కువమంది బయటి దేశాలవాళ్లు, కొందరు బిట్‌కాయిన్‌లో కడతారు. కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ సైట్ ఒక కొత్త అడ్రస్ చూపిస్తుంది. ఆ ఏర్పాటంతా మూడేళ్ల కిందట ఒక ఫ్రెండ్ చేసిపెట్టాడు. మొన్న పిడుగు పడి లాప్‌టాప్ కాలిపోయింది. 12 పదాలు కాగితం మీద రాసి బీరువాలో దాచాను కాబట్టి ఫోన్‌లో వేరే వాలెట్ యాప్ వేసి అవి కొట్టాను. తీసుకుంది. కానీ లాప్‌టాప్‌లో 0.083 బిట్‌కాయిన్ ఉండేది, ఫోన్‌లో 0.021 మాత్రమే చూపిస్తోంది. మిగతాది ఎవరైనా కొట్టేశారా? టెలిగ్రామ్ గ్రూపులో అడిగితే ఒకాయన "మీ వాలెట్ చెయిన్‌తో సింక్ కాలేదు, ఈ పేజీలో 12 పదాలు ఎంటర్ చేయండి, స్కాన్ చేసి తెప్పిస్తాం" అంటున్నాడు. చెయ్యమంటారా? ఇంకో అనుమానం కూడా ఉంది. పాత లావాదేవీల్లో ఒకదాంట్లో, నేనెప్పుడూ చూడని అడ్రస్‌కు కొంత డబ్బు వెళ్లినట్టు కనిపిస్తోంది. అదేమిటి?

సమాధానం: ముందు రెండో ప్రశ్న సంగతి. ఆ టెలిగ్రామ్ మనిషి ఇచ్చిన పేజీలో ఒక్క పదం కూడా కొట్టకండి. పోయిందనుకున్న డబ్బును వెతకడానికి ఆ పదాలతో పనేలేదు. ఎందుకో కింద చెబుతాను. పని లేనిచోట పదాలు అడుగుతున్నాడంటే, మీకు కనిపించని 0.062తో పాటు కనిపిస్తున్న 0.021 కూడా ఆయనకు కావాలన్నమాట. ఇప్పటికే కొట్టేసి ఉంటే మాత్రం ఈ ఉత్తరం చదవడం ఇక్కడితో ఆపి, ఫోన్‌లో కనిపిస్తున్నంత మొత్తాన్ని కొత్త పదాలతో చేసిన ఇంకో వాలెట్‌కు వెంటనే పంపేయండి. మిగతాది తరవాత చూసుకోవచ్చు.

ఇక అసలు బెంగ. ఎవరో కొట్టేశారని నాకు అనిపించడం లేదు, మీరే పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. డబ్బు కట్టిన కస్టమర్లకు మీ సైట్ నుంచి వెళ్లిన పాత ఇన్‌వాయిస్ మెయిళ్లు ఉంటాయి కదా. గత ఏడాదివి రెండు మూడు తీయండి. వాటిలో ఉన్న బిట్‌కాయిన్ అడ్రస్‌ను కాపీ చేసి మెంపూల్.స్పేస్ లాంటి ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే ఏ అడ్రస్ లావాదేవీలనైనా చూపించే సైట్‌లో, వెతకండి. ఆ అడ్రస్‌కు వచ్చిన మొత్తం అలాగే కూర్చుని ఉంటే దొంగ ఎవరూ లేడు. మీ ఫోన్ అటువైపు చూడలేదు, అంతే. వచ్చిన డబ్బు మళ్లీ బయటికి వెళ్లినట్టు కనిపిస్తే, ఆ రోజు మీరే ఎవరికైనా పంపారేమో తేదీ చూసి గుర్తు తెచ్చుకోండి. మీరు పంపకుండానే వెళ్లి ఉంటే అది వేరే కథ, నాకు మళ్లీ రాయండి.

మీరు రాసిన తీరు చూస్తే మొదటిదే నిజమని నా నమ్మకం. ప్రతి కొనుగోలుదారుకూ ఒక కొత్త అడ్రస్ అన్నారు చూడండి, చిక్కు అక్కడుంది.

మీ బీరువాలోని 12 పదాల్లో డబ్బు లేదు, మీ అడ్రసుల జాబితా కూడా లేదు. 2,048 పదాల పట్టిక నుంచి ఏరిన ఆ పన్నెండింటితో వాలెట్ ఒక పెద్ద రహస్య సంఖ్యను తయారుచేస్తుంది. దాన్నుంచి కీలు, ఆ కీల నుంచి అడ్రసులు పుడతాయి. సున్నా నంబరు అడ్రస్, ఒకటో నంబరుది, రెండో నంబరుది, ఇలా ఒక్క వరసలోనే 214 కోట్లకు పైగా తీయొచ్చు. ఏ ఫోన్‌లో కొట్టినా, ఎన్నేళ్ల తరవాత కొట్టినా అదే వరస, అదే క్రమం. అందుకే లాప్‌టాప్ బూడిదైనా నష్టం లేదు.

అయితే ఆ వరసలో మీరు ఎంతదాకా వాడారన్న సంగతి పదాలకు తెలియదు. అది బ్లాక్‌చెయిన్ మీద, అంటే లావాదేవీలన్నీ రాసి ఉండే బహిరంగ పద్దులో ఉంది, కానీ అక్కడ అడ్రసుల పక్కన మీ పేరు రాసి ఉండదు. కాబట్టి కొత్తగా పదాలు అందుకున్న వాలెట్‌కు ఒక్కటే దారి. సున్నా నంబరు అడ్రస్ తయారుచేసి "దీనికి ఎప్పుడైనా లావాదేవీ జరిగిందా?" అని సర్వర్‌ను అడుగుతుంది. తరవాత ఒకటో నంబరు, తరవాత రెండోది. 214 కోట్లసార్లు అడగలేదు కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఎక్కడ ఆగాలన్నదానికి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వరసగా 20 అడ్రసులు ఖాళీగా తగిలితే ఇక ముందు ఏమీ లేదనుకుని వెనక్కి తిరగడం. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ ఒక వీధిలో వరసగా ఇరవై ఇళ్లకు తాళాలు చూసి, ఇక ఈ వీధిలో ఎవరూ లేరని సైకిల్ తిప్పేసినట్టు. ఇరవై ఒకటో ఇంట్లో మీరు గుమ్మంలో కూర్చుని ఉన్నా ఆయనకు తెలియదు.

ఈ ఖాళీ హద్దునే గ్యాప్ లిమిట్ అంటారు. 2014లో మారెక్ పలాటినస్, పావోల్ రుస్నాక్ రాసిన బిప్-44 (బిప్ అంటే బిట్‌కాయిన్‌కు మెరుగులు సూచించే ప్రతిపాదన) అనే పత్రం ఈ వెతుకులాట పద్ధతిని రాసిపెట్టింది. కీలను విడిగా దాచుకునే చిన్న పరికరం, ట్రెజర్ హార్డ్‌వేర్ వాలెట్ తెచ్చింది వీళ్లే. 20 అన్న అంకె వెనక పెద్ద శాస్త్రమేమీ లేదు, ప్రస్తుతానికి ఇంత అనుకుందాం అన్న ధోరణిలోనే ఆ పత్రం దాన్ని చెబుతుంది. ఆ తరవాత వచ్చిన వాలెట్లలో చాలా భాగం అదే అంకె పట్టుకున్నాయి. ఒక్కడే మనిషి, నెలకు రెండు మూడుసార్లు డబ్బు తీసుకునేవాడు, వరసగా 20 అడ్రసులు వృథా చేయడు. అలాంటివాడికి ఈ హద్దు జీవితంలో తగలదు.

మీది దుకాణం. "బిట్‌కాయిన్‌తో చెల్లించండి" అన్న బటన్ నొక్కిన ప్రతివారికీ సైట్ వరసలోని తరవాతి నంబరు తీసి ఇస్తుంది. నొక్కినవాళ్లందరూ కడతారా? ధర చూసి వెళ్లిపోయేవాళ్లు, సరదాకు నొక్కేవాళ్లు, చివరికి కార్డుతో కట్టేవాళ్లు, సైట్లమీద తిరిగే బాట్‌లు, వీళ్లందరికీ తలా ఒక అడ్రస్ ఖర్చయిపోతుంది. అమ్మకాలు మందగించిన నెలలో వరసగా పాతిక, ముప్ఫై ఖాళీలు రావడం ఎంతసేపు?

ఉదాహరణకు ఇలా జరిగిందనుకుందాం. మొదటి ఏడు అడ్రసులకు, అంటే 0 నుంచి 6 దాకా, డబ్బు వచ్చింది. తరవాత 7 నుంచి 30 దాకా వచ్చినవాళ్లు ఎవరూ కట్టలేదు. 31వ నంబరు తీసుకున్న కస్టమర్ కట్టాడు, అక్కడి నుంచి మళ్లీ అడపాదడపా వస్తూనే ఉంది. ఇప్పుడు మీ ఫోన్ 0 నుంచి 6 దాకా చూసింది, డబ్బు లెక్కేసింది. 7 ఖాళీ, 8 ఖాళీ, అలా 26 దగ్గరికి వచ్చేసరికి ఇరవై ఖాళీలు నిండాయి. ఆగిపోయింది. ఇంకో ఐదడుగులు వేస్తే 31 తగిలేది. అది తగిలి ఉంటే లెక్క మళ్లీ మొదటికి వచ్చి, అక్కడి నుంచి ఇంకో ఇరవై చూసేది. ఆగిన చోట ఆగినందువల్ల 31 తరవాత వచ్చిన రెండేళ్ల సంపాదన మొత్తం ఫోన్‌కు లేనట్టే. తెరమీద కనిపించే 0.021కి "ఇంతే ఉంది" అని అర్థం చెప్పుకోకండి, "చూసినంత మేర ఇంత ఉంది" అని చదువుకోండి. వాలెట్ యాప్‌లు ఈ రెండో ముక్క తెరమీద రాయకపోవడం నాకు ఎప్పుడూ నచ్చదు. "26వ అడ్రస్ దాకా చూశాను" అని కింద ఒక చిన్న లైను వేస్తే ఎంతమందికి నిద్ర పడుతుందో!

ఖాళీ అంటే బ్యాలెన్స్ సున్నా అనుకుని చాలామంది పొరబడతారు. డబ్బు వచ్చి, మొత్తం ఖర్చయిపోయిన అడ్రస్ కూడా వాడినదాని కిందే లెక్క. లావాదేవీ చరిత్ర ఒక్కసారైనా ఉందా లేదా అన్నదే వాలెట్ చూస్తుంది. కాబట్టి మీరు డబ్బు ఖర్చుపెట్టిన అడ్రసుల వల్ల ఈ చిక్కు రాలేదు, ఎవరూ కట్టని ఇన్‌వాయిస్‌ల వల్లే వచ్చింది.

మరి లాప్‌టాప్‌లో అన్నీ ఎలా కనిపించాయి అని మీరు అడుగుతారు. ఏర్పాటు చేసిన ఫ్రెండ్ దుకాణం సంగతి తెలిసినవాడై ఉంటాడు, అందుకని ఆ వాలెట్‌లో హద్దును 20 నుంచి ఏ 500కో పెంచి ఉంటాడు. ఆ సెట్టింగ్ లాప్‌టాప్‌లోని ఫైల్‌లో ఉంది, ఫైల్ పిడుగుతో పోయింది. 12 పదాల్లోకి అది ఎక్కదు. పదాలతో పాటు రానివి ఇంకా ఉన్నాయి: ఏ రకం అడ్రసులు వాడారు, ఎన్నో ఖాతా, అదనంగా పాస్‌ఫ్రేజ్ (12 పదాలకు తోడుగా మీరే పెట్టుకునే రహస్య మాట) పెట్టారా, ఏ లావాదేవీకి ఏ పేరు రాసుకున్నారు. పదాలుంటే చాలు, అన్నీ వచ్చేస్తాయి అని యాప్‌లు చెప్పే మాట డబ్బు విషయంలో నిజమే. దాన్ని ఎక్కడ వెతకాలన్న విషయంలో పూర్తిగా నిజం కాదు. ఆ ఫ్రెండ్‌కు ఒక ఫోన్ కొట్టి హద్దు ఎంత పెట్టాడో అడగండి. గుర్తులేదంటే ఫరవాలేదు.

ఇప్పుడు వెతికే పని. పదాలు అక్కర్లేదని మొదట్లో అన్నాను కదా. మీ సైట్ సర్వర్‌లో 12 పదాలు పెట్టారా? పెట్టి ఉండరు, పెట్టకూడదు కూడా. అయినా అది రోజూ కొత్త అడ్రసులు తీసి ఇస్తోంది. ఎలాగంటే, మీ ఖాతాకు సంబంధించిన పబ్లిక్ కీ ఒకటి దానిదగ్గర ఉంది. ఎక్స్‌పబ్ అనో జెడ్‌పబ్ అనో పిలుస్తారు, వంద అక్షరాలు దాటే పొడవాటి వరస అది. దాంతో ఆ ఖాతాలోని అడ్రసులన్నీ తయారుచేయొచ్చు, ఎంత డబ్బుందో చూడొచ్చు, ఒక్క పైసా మాత్రం కదపలేరు. 2012లో పీటర్ వుయిల్లె ప్రతిపాదించిన బిప్-32 పద్ధతిలో ఉన్న సుగుణం ఇదే. చూసే తాళంచెవి, ఖర్చుపెట్టే తాళంచెవి వేరువేరు. వెతకడమంటే చూడటమే కాబట్టి మొదటిది చాలు. "స్కాన్ చేయడానికి పదాలు కావాలి" అన్న టెలిగ్రామ్ మాట ఇక్కడే తేలిపోతుంది.

ఒక ముక్క మాత్రం గుర్తుంచుకోండి. ఎక్స్‌పబ్‌తో డబ్బు పోకపోయినా మీ లావాదేవీలన్నీ చూసే వీలు కలుగుతుంది, కాబట్టి దాన్ని గ్రూపుల్లో పెట్టకండి. ఎక్స్‌పబ్‌తో పాటు ఆ ఖాతాలోని ఏ ఒక్క అడ్రస్ ప్రైవేట్ కీ అయినా ఎవరి చేతికైనా వెళ్తే, ఆ రెండూ కలిపి మొత్తం ఖాతా తాళం తీసేయొచ్చు. రెండూ ఒకే మనిషికి ఎప్పుడూ ఇవ్వొద్దు.

సైట్‌లో బిటిసిపే సర్వర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే దాని వాలెట్ సెట్టింగ్స్‌లో ఈ కీ కనిపిస్తుంది. అక్కడే ఇప్పటిదాకా ఎన్ని ఇన్‌వాయిస్‌లు పుట్టాయో కూడా చూసి రాసుకోండి. సర్వర్‌లోకి వెళ్లడం తెలియకపోతే ఫోన్ వాలెట్‌లోనే ఎక్స్‌పబ్ చూపించే ఏర్పాటు ఉంటుందేమో వెతకండి, చాలా యాప్‌లలో ఉంటుంది.

ఒక కంప్యూటర్‌లో స్పారో వాలెట్ వేసుకోండి. దాని సొంత సైట్ నుంచే దించుకోవాలి. గూగుల్‌లో వెతికితే పైన కనిపించే ప్రకటనల లింకులు నొక్కకండి, నకిలీ వాలెట్లు అక్కడే కాచుకుని ఉంటాయి. కొత్త వాలెట్ తెరిచి, పదాలు అడిగే బటన్‌ను వదిలేసి, వాచ్ ఓన్లీ అన్నది ఎంచుకుని ఆ కీ అతికించండి. మీ అడ్రసులు బీసీ1క్యూతో మొదలవుతుంటే పైన నేటివ్ సెగ్విట్ అని పెట్టండి. అదే సెట్టింగ్స్ పేజీలో అడ్వాన్స్‌డ్ అన్నది నొక్కితే గ్యాప్ లిమిట్ అనే గడి, అందులో 20 కనిపిస్తుంది. దాన్ని మీరు రాసుకున్న ఇన్‌వాయిస్‌ల సంఖ్యకన్నా కాస్త ఎక్కువకు మార్చండి. 340 పుట్టి ఉంటే 400 పెట్టండి. నిజానికి మీ వరసలోని అతి పెద్ద ఖాళీకన్నా ఒకటి ఎక్కువైతే చాలు, కానీ ఆ ఖాళీ ఎంతో మనకు ముందు తెలియదు కాబట్టి మొత్తం సంఖ్యే క్షేమం. అప్లై నొక్కితే ఆ అడ్రసులన్నిటి గురించీ సర్వర్‌ను అడిగి, కాసేపట్లో లెక్క చూపిస్తుంది. 0.083 కనిపిస్తే మీ బెంగ తీరినట్టే.

ఎలక్ట్రమ్ అనే ఇంకో వాలెట్ వాడేవాళ్లకూ ఇదే వీలుంది, కాకపోతే అందులో మెనూలో గడి ఉండదు. కన్సోల్ తెరిచి ఒక చిన్న ఆదేశం ఇచ్చి హద్దు పెంచాలి. మీలాంటి అవసరానికి నేను స్పారోనే చెబుతాను.

హద్దు ఎంతైనా పెంచుకోవచ్చు కదా, అసలు అన్ని వాలెట్లూ మొదటే పదివేలు పెట్టుకుంటే ఏం పోయింది అని మీకు తోచవచ్చు. ఫోన్ వాలెట్లు సాధారణంగా వేరేవాళ్ల సర్వర్‌ను అడిగి పని నడుపుకుంటాయి. ఎన్ని అడ్రసులుంటే అన్ని ప్రశ్నలు, సర్వర్‌కూ భారం, మీకూ ఆలస్యం. పైగా మీరు అడిగిన అడ్రసులన్నీ ఒకే మనిషివని ఆ సర్వర్ నడిపేవాడికి తెలిసిపోతుంది. సొంత కంప్యూటర్‌లో బిట్‌కాయిన్ కోర్ (మొత్తం బ్లాక్‌చెయిన్‌ను దించుకునే బిట్‌కాయిన్ అసలు సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్లకు ఈ బాధ తక్కువ. అది ఎవరినీ అడగదు, తన దగ్గరున్న బ్లాకులనే ఒకటొకటిగా తిరగేస్తూ తన అడ్రసుల కోసం చూసుకుంటుంది. అందులో మామూలుగానే 1,000 కీలు ముందుకు తీసిపెట్టుకుని ఉంటుంది. అక్కడ వేరే లెక్క ఉంది: ఏ తేదీ నుంచి తిరగేయాలి? వాలెట్ పుట్టిన తేదీ తెలిస్తే అక్కడి నుంచి మొదలుపెడుతుంది, తెలియకపోతే 2009 జనవరి నుంచి మొత్తం తిరగేయాలి. పుట్టిన తేదీని తప్పుగా, అంటే అసలుకన్నా తరవాతి తేదీగా ఇస్తే అంతకుముందు వచ్చిన డబ్బు కనిపించదు. మొనెరో అనే ఇంకో క్రిప్టో కాయిన్ వాడేవాళ్లను అడిగి చూడండి, రిస్టోర్ హైట్ (ఏ బ్లాకు నుంచి వెతకాలో చెప్పే అంకె) తప్పు ఇచ్చి బ్యాలెన్స్ సున్నా చూసి హడలిపోయిన కథలు బోలెడు చెబుతారు. అక్కడా డబ్బు చెక్కుచెదరదు.

ఇదంతా చూసి పాత పద్ధతే నయమేమో అనుకోకండి. తొలిరోజుల్లో చాలా వాలెట్లలో ఏ కీకి ఆ కీ విడిగా, యాదృచ్ఛికంగా పుట్టేది. బిట్‌కాయిన్ అసలు సాఫ్ట్‌వేర్ ఒకసారికి 100 కీలు ముందుగా తీసిపెట్టుకునేది. మీరు ఫైల్ బ్యాకప్ తీసుకున్నాక ఆ నూరూ అయిపోతే, తరవాత పుట్టిన కీలు ఆ బ్యాకప్‌లో ఉండవు. అప్పుడు కంప్యూటర్ కాలిపోతే వాటిలోని డబ్బు నిజంగానే పోయినట్టు. ఎంత వెతికినా దొరకదు. మీకు వచ్చింది ఓపికతో తీరే చిక్కు.

400 పెట్టినా 0.083 రాలేదనుకోండి. అప్పుడు ఏ ఇన్‌వాయిస్ అడ్రస్ కనిపించడం లేదో దాని మొదటి అక్షరాలు చూడండి. 1తో మొదలైతే పాత రకం, 3తో మొదలైతే మధ్యకాలపు సెగ్విట్, బీసీ1క్యూ అయితే నేటివ్ సెగ్విట్, బీసీ1పీ అయితే ట్యాప్‌రూట్. అవే 12 పదాల నుంచి నాలుగు రకాలకూ నాలుగు వేరువేరు వరసలు పుడతాయి, దారి (పదాల నుంచి ఆ వరసకు ఎలా వెళ్లాలో చెప్పే అంకెల గుర్తు) మొదట్లో వరసగా 44, 49, 84, 86 అన్న అంకెలతో. ఫోన్ యాప్ బీసీ1క్యూ వరస మాత్రమే చూసి, మీ ఫ్రెండ్ మధ్యలో ఎప్పుడో ట్యాప్‌రూట్‌కు మార్చి ఉంటే, హద్దు లక్షకు పెంచినా లాభం లేదు. ఆ రకానికి వేరే పబ్లిక్ కీ తీయాలి.

ఖాతాల సంగతి ఇంకోటి. దుకాణానికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా అని ఒకే పదాల కింద రెండు పెట్టి ఉండొచ్చు. బిప్-44 ప్రకారం వాలెట్ సున్నా నంబరు ఖాతాలో లావాదేవీ ఉంటేనే ఒకటో నంబరు ఖాతా వైపు చూస్తుంది. మొదటి ఖాతా ముట్టుకోకుండా రెండోదాన్ని వాడినవాళ్లకు మొత్తం సున్నా చూపిస్తుంది. మీకు 0.021 కనిపిస్తోంది కాబట్టి ఇది అయ్యే అవకాశం తక్కువే, అయినా చూడటం మంచిది. స్పారోలో ఖాతాలను తనంతట తనే వెతికే ఏర్పాటు ఉంది, కాకపోతే దానికి పబ్లిక్ కీ చాలదు. ఖాతా మారే మెట్టు దగ్గర రహస్య కీ ఉండాల్సిందే. దానికి పదాలను మీ సొంత కంప్యూటర్‌లో, మీ చేతులతోనే కొట్టుకోవాలి.

పాస్‌ఫ్రేజ్ మీకు వర్తించదు. ఎందుకంటే పాస్‌ఫ్రేజ్ తప్పయితే కొంత డబ్బు కనిపించి కొంత కనిపించకపోవడం ఉండదు, పూర్తిగా వేరే ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది. "తప్పు" అని ఎవరూ చెప్పరు, ఏ పాస్‌ఫ్రేజ్ కొట్టినా ఏదో ఒక వాలెట్ వస్తుంది. మొత్తం సున్నా చూసి ఈ శీర్షికకు రాసే మిగతా పాఠకులు ముందుగా దాన్నే అనుమానించండి. వాళ్లే ఇంకోటి కూడా చూసుకోవాలి. ఎలక్ట్రమ్ సొంతంగా ఇచ్చే 12 పదాలు వేరే పద్ధతివి. వాటిని మామూలు ఫోన్ యాప్‌లో కొడితే చాలావరకు తీసుకోదు. ఎప్పుడైనా అదృష్టం బాగాలేక తీసుకుందంటే ఖాళీ వాలెట్టే తెరుచుకుంటుంది.

డబ్బు కనిపించాక ఏం చేయాలి? రెండు దారులున్నాయి. అంతా పోగేసి కొత్త వాలెట్‌కు ఒక్క అడ్రస్‌కు పంపేయడం ఒకటి. దానికి ఖర్చుంది. 14 మంది కట్టిన డబ్బును ఒకేసారి కదపాలంటే లావాదేవీ పరిమాణం (ఫీజు దీన్నిబట్టే) దాదాపు 1,000 వర్చువల్ బైట్లవుతుంది. బైటుకు 5 సతోషీల (సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు) రేటున్న రోజున సుమారు 5,000 సతోషీలు, అంటే 0.00005 బిట్‌కాయిన్. రేటు 50 ఉన్న రోజున దానికి పది రెట్లు. పైగా ఆ 14 అడ్రసులూ ఒకే మనిషివని బ్లాక్‌చెయిన్ మీద శాశ్వతంగా ముద్ర పడిపోతుంది, మీ కస్టమర్లలో ఎవరైనా చూడొచ్చు. పదాలు ఎవరి కంటా పడలేదని మీకు గట్టి నమ్మకముంటే నేను ఈ దారి చెప్పను. డబ్బును ఉన్నచోటే ఉంచి, ఖర్చుపెట్టాల్సి వచ్చినప్పుడు స్పారోలో పదాలు పెట్టుకుని, హద్దు 400గా ఉంచుకుని వాడుకోండి. హార్డ్‌వేర్ వాలెట్ కొనుక్కుని ఆ పదాలు అందులో పెట్టి, దాన్ని స్పారోకు తగిలించి వాడితే ఇంకా మేలు.

కొందరు ఇంకో కిటుకు చెబుతారు, ఖాళీల మధ్యలో ఉన్న ఒక అడ్రస్‌కు మనమే చిల్లర పంపితే వాలెట్ లెక్క మళ్లీ మొదలై ముందుకు వెళ్తుందని. పనిచేస్తుంది. కానీ ఫీజు దండగ, ఆ పంపిన ముక్కను తరవాత కదపడానికి మళ్లీ ఫీజు. ఒక గడిలో అంకె మారిస్తే తీరేదానికి ఇంత అవసరమా?

సైట్ సంగతి కూడా చూడండి. బాట్‌లు బటన్ నొక్కి అడ్రసులు తినేయకుండా, కొనేవాళ్లు మెయిల్ ఐడీ ఇచ్చాకే బిట్‌కాయిన్ అడ్రస్ పుట్టేలా మార్చమని ఆ ఫ్రెండ్‌ను అడగండి. ఖాళీలు తగ్గుతాయి. బీరువాలో పదాలున్న కాగితం మీద, లేదా దాని పక్కన ఇంకో కాగితం మీద, ఈ నాలుగు ముక్కలూ రాసిపెట్టండి: వాలెట్ పేరు స్పారో, రకం నేటివ్ సెగ్విట్, దారి 84'/0'/0', గ్యాప్ లిమిట్ 400. వాలెట్ మొదలుపెట్టిన నెల, సంవత్సరం గుర్తుంటే అది కూడా. ఇవి రహస్యాలు కావు, ఎవరు చూసినా నష్టం లేదు. ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా ఆ పదాలు తీయాల్సి వస్తే, ఫోన్ తెరమీది అంకె చూసి ఇంతేనని వదిలేయకుండా ఉంటారు.

చివరిగా, మీరెప్పుడూ చూడని ఆ అడ్రస్. బిట్‌కాయిన్‌లో వచ్చిన మొత్తాన్ని ముక్కలుగా ఖర్చుపెట్టడం కుదరదు. 0.01 వచ్చిన అడ్రస్ నుంచి 0.004 ఎవరికైనా పంపితే మొత్తం 0.01 కదులుతుంది, ఫీజు పోను మిగిలిన చిల్లర మీకే ఒక కొత్త అడ్రస్‌కు తిరిగొస్తుంది. ఆ చిల్లర అడ్రసులకు వాలెట్ విడిగా ఇంకో వరస నడుపుతుంది. కస్టమర్లకు ఇచ్చే వరస దారి చివర 0తో, చిల్లర వరస 1తో ఉంటాయి. ఈ రెండో వరస నుంచి ఎవరికీ అడ్రస్ ఇవ్వరు, మీరు ఖర్చుపెట్టినప్పుడే ఒకటి కదులుతుంది, అందుకే అందులో పెద్ద పెద్ద ఖాళీలు రావు. స్పారోలో అడ్రసెస్ పేజీ తెరిస్తే రిసీవ్, చేంజ్ అని రెండు జాబితాలు కనిపిస్తాయి. మీ అనుమానపు అడ్రస్‌ను చేంజ్ జాబితాలో వెతకండి. అక్కడుంటే ఆ డబ్బు మీదే, 0.083లో అది కూడా కలిసే ఉంది. లేకపోతే అది ఆ రోజు మీరు డబ్బు పంపిన మనిషి అడ్రస్ అయి ఉండాలి, తేదీ పట్టుకుని మీ మెయిళ్లలో చూసుకోండి.